పాత తలుపునకు కొత్త పలక
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగపాఠము)



మన పాఠశాల వాకిటి తలుపును మీరందరు ఎరుగుదురు. దానిపై మన పెద్దలు చెక్కించిన తెలుగక్షరములు నేటికిని చెదరక యున్నవి. అయితే వానజల్లునకు తడిసి తడిసి క్రింది పలక పుచ్చిపోయినది. తలుపునే తీసివేసి ఇనుప తలుపు పెట్టింపుడని కొందరు హితవు చెప్పిరి. ఆ యక్షరములను వదలుకొనుటకు మాకు మనసొప్పలేదు. పలకను మాత్రమే మార్పించితిమి.

కొత్త టేకు పలక పాతబట్టకు వేసిన కొత్త అతుకువలె కనబడెను. రంగు పూసినచో చెక్కలోని చారలు మరుగుపడును. కావున మేము వడ్రంగితో ఆలోచించి, కలంకారీ పనివారెరిగిన ధర్మమునే ఆశ్రయించితిమి. కరక్కాయ వగరునకు ఇనుము తగిలినచో నలుపు పుట్టును. శ్రీకాళహస్తి పనివారు కరక్కాయ పట్టించిన బట్టపై, బెల్లపు నీట ఇనుము నానవేసి తీసిన ద్రవముతో నల్లని గీతలు గీయుట ఇందువలననే.

మేము తుప్పుపట్టిన మేకులను వినెగరులో వారము దినములు నానవేసితిమి. లోన వాయువు పుట్టును గనుక మూత బిగింపరాదు. పలకను గరుకు కాగితముతో రుద్ది, కరక్కాయ కషాయము పూసి ఆరనిచ్చి, వడగట్టిన ఇనుపనీటిని పూసితిమి. ఇచ్చట మేము తొందరపడితిమి. తునకపై పరీక్షింపక చిక్కగా పూయుటచే పలక బొగ్గువలె నల్లబడెను. మరల చిత్రిక పట్టవలసి వచ్చెను. రెండవమారు నీరు కలిపి పలుచన చేసి, తునకపై చూచి, పిమ్మట పూయగా పాత చెక్కతో కలిసిపోయినది. తుదకు అవిసె నూనె పట్టించితిమి. ఆ నూనెగుడ్డలను కుప్పవేసినచో తమంత తామే అంటుకొనవచ్చును, విప్పి ఆరవేయవలెను.

కొత్తదానిని పాతదని నమ్మించుట మా యుద్దేశము కాదు. పలక వెనుక, మార్చిన సంవత్సరమును చెక్కించితిమి.

పని ముగిసిన దినమున మన బాలుడొకడు తలుపును తడవి చూచి, "పైన ఏమి వ్రాసియున్నదండీ?" అని అడిగెను. వాని తాతగారు ఈ బడిలోనే చదివిరి. మేము కొంతసేపు మాటాడలేకపోతిమి.

అక్షరములను మేము నిలిపితిమి. వానిని చదువువారిని నిలుపుట మీ చేతిలోనున్నది. ప్రతిరాత్రి ఇంట ఒక పుటయైనను తెలుగు చదివింపుడని మా ప్రార్థన.