చూపు ముందు, మందు తరువాత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



కంటికి రెప్ప కలదు. చెవికి మూత లేదు. నిద్రించు శిశువునకు సైతము తల్లి మాట చెవి సోకుచునే యుండును. ఆ మాట సోకుటవలననే శిశువునకు మాట వచ్చుచున్నది. కావున పసితనమున చెవి చెడినచో పలుకు చెడును. పలుకు చెడినచో చదువు చెడును. పిలిచినను పలుకని బాలుని మందమతి యనియు, పెంకెవాడనియు దండించు పెద్దలు కలరు. అట్టి బాలురలో కొందరికి కొరవడినది బుద్ధి కాదు, వినికిడి.

మన ప్రాచీనులు ఈ రోగములను సూక్ష్మముగా పరిశీలించిరి. ఆయుర్వేదము యొక్క ఎనిమిది అంగములలో శాలాక్య మొకటి. కంఠమునకు పైనున్న చెవి, కన్ను, ముక్కు, నోరు మున్నగువాని చికిత్స దాని విషయము. శలాక యనగా సన్నని పుల్లవంటి పరికరము. దానినిబట్టియే యా పేరు కలిగెను. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున కర్ణరోగములు 28 అనియు, నాసారోగములు 31 అనియు లెక్కింపబడినవి. చెవిహోరు, చెవుడు, చీము కారుట, గుబిలి పట్టుట, అన్నియు అందు వేర్వేరు పేర్లతో నున్నవి. చెవి బాధలన్నియు నొక్కటి కావనియు, ముందు నిదానము, పిమ్మట చికిత్స యనియు దీని తాత్పర్యము.

అయితే చెవి, ముక్కు, గొంతు మూడును చీకటి గుహలు. కర్ణనాళము కొంత వంకరగా సుమారు అంగుళము లోపలికి పోయి కర్ణభేరి యొద్ద ముగియును. స్వరతంత్రులు నాలుక వెనుక మరుగుపడి యుండును. వానిని చూచు మార్గమును లోకమునకు వెల్లడించినవారిలో ముఖ్యుడు వైద్యుడు కాడు, సంగీతోపాధ్యాయుడు. స్పెయిను దేశీయుడగు మాన్యుయల్ గార్షియా 1854లో దంతవైద్యుల చిన్న యద్దమును నోటిలో నుంచుకొని, మరియొక యద్దముతో సూర్యకాంతిని దానిపై పడజేసి, తన స్వరతంత్రులను తానే చూచెను. మరుసటి సంవత్సరము ఆ విషయము లండను రాయల్ సొసైటీకి నివేదింపబడెను. పిదప వైద్యులు నడుమ రంధ్రముగల దర్పణమును నుదుట ధరించి చెవి, ముక్కు, గొంతులలోనికి వెలుగు పంపుచు వచ్చిరి. నేడు ఎండోస్కోపు అను సన్నని గొట్టము ఆ పనిని మరింత చక్కగా చేయుచున్నది.

చూపునకు అందని దానిని శబ్దముతో పరీక్షింతురు. 1855లో జర్మను వైద్యుడు రిన్నే తెలిపిన పద్ధతి ఇది. శ్రుతిదండమును మ్రోగించి చెవి వెనుక యెముకపై ఆనింతురు. పిదప చెవి యెదుట పట్టుదురు. ఎముకపైననే హెచ్చుగా వినబడినచో లోపము సాధారణముగా కర్ణనాళము నందో, భేరియందో, దాని వెనుకనున్న మూడు చిన్న యెముకలయందో యుండును. ఇందు చాలభాగము మందుచేతనో శస్త్రముచేతనో కుదురును. లోపము లోపలి చెవియందో నాడియందో యున్నచో శ్రవణయంత్రములు తోడ్పడును.

మన యిండ్లలో తరచుగా కనబడునది చెవి కారుట. ముక్కు వెనుకనుండి మధ్యకర్ణమునకు ఒక నాళము కలదు. పిల్లలయందది పొట్టిగను, వాలు తక్కువగను ఉండుటచే పడిశము సులభముగా చెవి కెక్కును. చీము పట్టి భేరికి చిల్లు పడును. అట్టి చెవిలో కాచిన నూనెయో, ఆకు పసరో పోయుట పొలము చూడక అడంగలు వ్రాయుట వంటిది. పోసినది చిల్లుగుండ లోనికి చేరి కీడు చేయును. మెత్తని శుభ్రమైన గుడ్డను వత్తిగా చేసి చీము నద్దవలెను; స్నానమున నీరు చొరనీయరాదు; వైద్యునికి చూపవలెను. కణత కండరముపై పొరను తీసి చిల్లును మూయు శస్త్రచికిత్స నేడు విరివిగా జరుగుచున్నది.

చీము కొద్దిగా కారుచు దుర్గంధముగా నున్నచో అది యెముకను తినివేయు రోగము కావచ్చును. చెవి వెనుక వాపు, ముఖము వంకరపోవుట, తలతిరుగుడు, జ్వరముతో కూడిన తీవ్రమైన తలనొప్పి కనబడినచో ఒక్క గడియయు జాగు చేయరాదు.

పిల్లవాని ఒక్క ముక్కుపుటమునుండియే దుర్గంధముతో చీము కారినచో లోపల చింతగింజయో పూసయో యుండవచ్చును. ఆటవస్తువులలోని బొత్తామువంటి బ్యాటరీ అయినచో కొద్ది గంటలలోనే లోపలి పొరను కాల్చివేయును. ఇక బొంగురు మూడు వారములు దాటినను తగ్గనివారు, అందును చుట్టలు త్రాగువారు, గొంతు పరీక్ష చేయించుకొనవలెను. మొదట కనిపట్టిన వ్రణము కుదురును. దాచిన వ్రణము ప్రాణము తీయును.

హైదరాబాదు కోఠీలోను, విశాఖపట్టణమునందును ఈ రోగములకు ప్రత్యేకముగా ప్రభుత్వాసుపత్రు లున్నవి. శిశువు పుట్టిన నెలలోపలనే వినికిడి పరీక్ష చేయించి, లోపమున్నచో ఆరవ మాసము లోపల చికిత్స నారంభింపవలెనని నేటి వైద్యుల మతము.

తల్లులారా, ఉపాధ్యాయులారా! పలుకని బిడ్డను దండించుటకు ముందు వాని వెనుక నిలిచి మెల్లగా పిలిచి చూడుడు. గ్రంథాలయము కంటికి అక్షరము నిచ్చును. ఆ యక్షరమునకు ముందు చెవికి శబ్ద మందవలెను. ఈ గ్రామమున వినబడక చదువు మానిన బిడ్డ యొక్కడును లేకుండుటయే ఈ రజతోత్సవమునకు తగిన కానుక.

స్వస్తి.