పూలమాలకు పద్దు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



విషయము మీ యిష్టమని కార్యదర్శిగారు నాతో ననిరి. భారతమునుండియో భాగవతమునుండియో ఏదో యొక ఘట్టము చెప్పుదునని పలువురు తలచి యుందురు. నేను పూలవ్యాపారమును గూర్చి మాటలాడ దలచితిని. మన యూరిలో ఇంటిపట్టున కూర్చుండి పూలు కట్టి అమ్ముకొను కుటుంబములు 14 ఉన్నవి. నేను సహకార సంఘములో ముప్పది యేండ్లుగా లెక్కలు వ్రాయుచున్నవాడను. ఆ 14 ఇండ్లలో ఒక్క యింటనైనను పద్దుపుస్తకము లేదు. ఈ ప్రసంగమునకు అదియే కారణము.

అట్లని పురాణములను పూర్తిగా విడువజాలను. బడిలో నేను చదివినది పదవ తరగతి వరకే. తక్కిన చదువంతయు ఈ గ్రంథాలయపు రెండవ బీరువా పెట్టిన భిక్ష. ఆ బీరువాలోని భాగవతము దశమస్కంధములో, బలరామకృష్ణులు మథురానగరము ప్రవేశించి సుదాముడను మాలాకారుని యింటికి పోవుదురు. ఈ సుదాముడు కుచేలుడు కాడు, వేరొకడు. వారు పోయినది అంగడికి కాదు, ఇంటికి, గమనింపుడు. అతడు పరిమళముగల మాలలు సమర్పించెను. స్వామి అతనికి భక్తియు, దానితోపాటు సంపద, బలము, ఆయువు, కీర్తి ప్రసాదించెను. ఇవ్వగలవాడు గనుక ఇచ్చెను. చిక్కేమనగా, తరువాత దండలు తీసికొనువారు పలువురు ఆ పద్ధతినే పట్టుకొనిరి. "నీ చేతి దండ మా పిల్ల మెడలో పడిన చాలునమ్మా, నీకు పుణ్యముండును" అందురు. వరమిచ్చు శక్తి లేనివారు రొక్కమీయవలదా?

ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరు స్వామికి నిత్యము మాలలు కట్టి సమర్పించెను. ఆయనకు సొంత తోట కలదు. సంతకు పోవు ఖర్చు లేదు. ఆయన మాట మనకు పనికిరాదు.

నాకు పనికివచ్చినది విరాటపర్వము. ద్రౌపది సైరంధ్రి వేషమున సుదేష్ణ కొలువు కోరి వచ్చి, తనకు వచ్చిన పనులు చెప్పుకొనును. కురులు దిద్దుట, మైపూతలు నూరుట, తీరుతీరుల పూలదండలు కట్టుట. మహారాణి యైనది అజ్ఞాతవాసమున పొట్ట పోసికొనుటకు నమ్ముకొన్న విద్యలలో ఇది యొకటి. అంతకంటె ముఖ్యమైనది, ఆమె కొలువులో కుదురుకొనుటకు ముందే తన నియమములు తేల్చుకొన్నది. ఎంగిలి ముట్టదు, ఒకరి పాదములు కడుగదు. రాణి యందు కొప్పుకొన్న తరువాతనే పని. మన యూరి సైరంధ్రులు బేరము కుదుర్చుకొనుటకు ముందు ఒక్క నియమమైనను పలుకగా నేను వినలేదు.

ఇక పని సంగతి. మల్లెమొగ్గను తెల్లవారుజామున, విచ్చకముందే కోయవలెను. కడియపులంక సంతకు వేకువనే పోయి, తడిబట్ట కప్పిన బుట్టతో తిరిగి వచ్చిన ఇల్లాలికి ఆ పగలు మాత్రమే చేతిలో నుండును. ఆ లోపల మొగ్గ లేరవలెను, కాడ విరిగినవి తీసివేయవలెను, కట్టవలెను, వీథి వీథి తిరిగి అమ్మవలెను. సాయంకాలమునకు మొగ్గ విచ్చును. మరునాటికి వన్నె తప్పును. బియ్యము ఈనాడు అమ్ముడుపోకున్న రేపు పోవును. మల్లెపూవునకు రేపు లేదు. కనకాంబరము కొంత నయము. వాసన లేకున్నను త్వరగా వాడదు. బంతియు చేమంతియు ఇంకను గట్టివి. అనుభవము గలవారు మల్లెలను తప్పక పోవునంత మట్టుకే తెచ్చి, తక్కిన సొమ్మును వీటిపై పెట్టుదురు.

దారము మాట వచ్చినది గనుక ఒక సంగతి. మన పెద్దలు అరటినారతో కట్టెడివారు. నానవేసిన నారలోని తడి పూవును కాపాడును, కాడను కోయదు. నైలాను దారము సన్నని కాడను తెంచివేయును. రావులపాలెము సంతకు బండ్లకొలది గెలలు పోవుచున్న సీమ మనది. నరికిన బోదెలు గట్టులమీద కుళ్లుచుండగా మనము దారపుండలు కొనుచున్నాము!

ఇప్పుడొక లెక్క చెప్పెదను. పూల ధర నిత్యము మారును గనుక ఈ యంకెలు కేవలము ఉదాహరణకు. ఒక ఇల్లాలు 2 కిలోల మొగ్గలు, కిలో 300 రూపాయల చొప్పున తెచ్చినది. పూలకు 600, దారమునకు 10, రాకపోకలకు 40, వెరసి 650 రూపాయలు. ఏరిన మొగ్గలు పోగా 70 మూరలు తయారైనవి. మూర 15 చొప్పున 60 మూరలు అమ్మగా 900 వచ్చినవి. చీకటి పడిన పిమ్మట మిగిలిన 10 మూరలు 5 చొప్పున ఇచ్చివేసినది, 50 వచ్చినవి. మొత్తము 950. పెట్టుబడి తీసివేసిన 300. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. లాభము 300!

ఆ మూరలు కట్టిన చేతులెవరివి? అత్తగారు, కోడలు, ఆడపిల్ల, ఒక్కొక్కరు 4 గంటలు కూర్చుండిరి. ముగ్గురివి 12 గంటలు. 300ను 12 చేత భాగింపుడు. గంటకు 25 రూపాయలు. 8 గంటల దినమునకు 200. మన పొలములో కలుపు తీయు స్త్రీకి ఇంతకంటె ఎక్కువ ఇచ్చుచున్నాము. వేకువజాము ప్రయాణమును, సాయంకాలపు తిరుగుడును ఈ లెక్కలో చేర్చనే లేదు. ఒక సాయంత్రము వాన పట్టుకొని 35 మూరలే అమ్ముడుపోయినచో వచ్చునది 525. పెట్టుబడిలోనే 125 పోవును. కావున నేను దీనిని లాభమనను. ఇంటి ఆడవారు తెలియక తగ్గించుకొన్న కూలి యందును. "ఇంట నుండువారికి కూలి యేమి, తీరికవేళ పని గదా" యని కొందరు మగవా రందురు. ఆ తీరిక యేవేళనో నాకు చూపవలెను. వేకువజామున లేచి సంతకు పోయిన మనిషికి తీరిక యెక్కడిది?

ఈ తప్పుడు లాభము ఎంతవరకు పోవునో చెప్పెదను. ఆ యింటివారి యనుమతితోనే చెప్పుచున్నాను; పేరు చెప్పను. మన గ్రంథాలయపు అరువు పుస్తకములో రెండేండ్లకు పూర్వము ప్రతి శనివారము ఒక ఆడపిల్ల సంతకము కనబడెడిది. ఇంటర్మీడియటు చదువుచు, వారమునకు రెండు పుస్తకములు తీసికొనిపోయెడిది. ఒక శనివారమునుండి ఆ సంతకము లేదు. విచారింపగా, పూలపని లాభసాటిగా నున్నదనియు, ఇంకొక జత చేతులున్న రెట్టింపగుననియు తలచి తండ్రి చదువు మాన్పించినాడు. నేను వారి యరుగుమీద కూర్చుండి, వారు చెప్పిన అంకెలతోనే ఒక నెల లెక్క కట్టితిని. మిగిలిన సొమ్ము ఆ పిల్ల గంటల విలువకంటె తక్కువ తేలినది. ఆమె చేతులు చేరుటచే వ్యాపారము పెరుగలేదు. ఎక్కువ పూలు తెచ్చిరి, చీకటి పడిన తరువాత 5 రూపాయలకు పోవు మూరలు ఎక్కువైనవి. తండ్రి చాలసేపు మాటలాడలేదు. పిదప "ఈ గంటల గడి మా యింట నెవ్వరును వ్రాయలేదండీ" యనినాడు. పిల్ల యింకను కళాశాలకు పోలేదు. ఆయన ఆలోచించుచున్నాడు. శనివారపు సంతకము మాత్రము గడచిన నెలనుండి మరల కనబడుచున్నది.

పెండ్లి పని వేరు. నిజముగా మిగులు నుండవలసిన చోటు అదియే. మొగ్గలు చెదరకుండ ఒక పూలజడ కుట్టుటకు నేర్పుగల చేతికే గంటలు పట్టును. కావలసిన నేర్పు ఊరిలో నలుగురైదుగురికే కలదు. అక్కడనే మనము ఎక్కువ పోగొట్టుకొనుచున్నాము. ఒక పెండ్లివారు దండలు, జడలు, పందిరికి బంతి తోరణములు చేయించుకొనిరి. వంటవారికిని మేళమువారికిని ఆ రాత్రియే లెక్క తీర్చిరి. పూలవారిని మాత్రము "మనవారే గదా" యని నిలిపిరి. ఆ పెండ్లికూతురికి బిడ్డ పుట్టి, బారసాలకు దండలు కావలెనని మరల వచ్చిరి. పాత బాకీ యట్లే యున్నది. సంతలో పూలు అరువునకు దొరకవు. ఆ ఇల్లాలు డ్వాక్రా సంఘపు అప్పుతో పూలు తెచ్చినది. వాయిదా ఆమె కట్టుచున్నది. అనగా ఆ పెండ్లికి అప్పిచ్చినది ఆమెయే.

ఇందుకు నేను చెప్పు ఉపాయము రెండు ముక్కలు. సగము సొమ్ము ముందు తీసికొనవలెను. ధరను రెండుగా విడదీసి చెప్పవలెను: పూలు ఆనాటి సంత ధరకు, చేతిపని ముందు ఒప్పుకొన్న ధరకు. నెల ముందుగా అన్నియు కలిపి ఒక ధర ఒప్పుకొన్నచో, ముహూర్తమునాడు మల్లె రెండింతలైన ఆ భారము ఎవరిపై పడును? చేతిపనిపై పడును, ఆడవారి గంటలనుండియే కోసికొందురు. పట్టణమునుండి వచ్చు అలంకరణవారిని చూడుడు. బెంగుళూరు జెర్బెరాలు తెచ్చి స్పాంజిలో గ్రుచ్చి, పనివాండ్ర ఖర్చు వేరు పద్దుగా వ్రాసి బిల్లు చేతిలో పెట్టుదురు. దానిపై బేరమాడువారు నాకు కనబడలేదు. మనవారి పనితనము వారికి తీసిపోదు. ఫోనులో బొమ్మ చూపిన అట్టిదే కట్టగలరు. లేనిది ఆ కాగితము. ఈ సభకు వచ్చిన ఆరు దండలకు మన కోశాధికారిగారు పూలకొక పద్దు, చేతిపనికొక పద్దు వ్రాయించి సొమ్ము చెల్లించిరి. వోచరు గ్రంథాలయములో నున్నది, ఎవరైనను చూడవచ్చును.

పంచాంగమును కూడ వ్యాపారపు కన్నుతో చదువవలెను. ఆషాఢము, పుష్యము, మౌఢ్యము వచ్చిన దినములు పెండ్లిండ్లు లేని కాలము. శ్రావణ శుక్రవారములు, చవితి, దసరా, కార్తీకము గిరాకి కాలము. ధరయు అప్పుడే మండును. ఇంటి వెనుక రెండు సెంట్లు ఖాళీ యున్నవారు శ్రావణములో బంతినారు నాటినచో రెండు నెలలకు, దసరానాటికి, పూలు చేతికి వచ్చును. అప్పుడు సంతకు పోవు ఖర్చు కొంత తగ్గును.

మూర కొలతను గూర్చియు ఒక మాట. మోచేయి మొదలు వ్రేలికొన వరకు మూర. పొడుగు చేతి అమ్మ అమ్మిన ఆమెకు నష్టము. పొట్టి చేతి అమ్మ అమ్మిన కొన్నవారికి తగవు. ఒక ఇంటివారు కొనుటకు తమలో పొడుగు చేతి కోడలినే పంపి, ఆమె చేతితోనే కొలిపింతురని విన్నాను. పీటమీద 18 అంగుళములకు రెండు గీతలు గీసికొన్న ఈ తగవు తీరును.

పద్దుపుస్తకమునకు అయిదు గడులు చాలును. పూల ఖరీదు, చిల్లర ఖర్చు, ఎవరెన్ని గంటలు కట్టిరి, వచ్చిన సొమ్ము, పారవేసిన పూలు. మూడవ గడిలో ఎవరి గంటలు వారే వ్రాయవలెను. ఇంటి యజమాని వ్రాయరాదు. చదువు రాని అమ్మ గంటకొక గీత గీసిన చాలును.

రాబోవు ఆషాఢములో పెండ్లి పనులుండవు. ఆ నెల ప్రతి ఆదివారము ఉదయము 10 గంటలకు గ్రంథాలయపు వరండాలో నేను కూర్చుండెదను. గడులు గీసిన పుస్తకములు 14 కుట్టించి యుంచితిని. పెన్సిలును, ముందునాటి ఖర్చు చీటీలును వెంట తెచ్చుకొనవలెను. మగవారు రాదలచిన రావచ్చును. కాని ముందువరుస చాపలు వారివి కావు.