దారిఖర్చులు - పన్ను లెక్కలు

ప్రొద్దున లేచి పనికి పోవుట, ప్రొద్దుగ్రుంకువేళకు ఇల్లు చేరుట మనలో చాలమందికి నిత్యకృత్యము. ఈ రాకపోకలకు ఖర్చు పెట్టనిదే సంపాదన లేదు. మరి పన్ను కట్టునపుడు ఈ దారిఖర్చును ఆదాయములోనుండి తీసివేయవలదా అని, స్వతంత్రముగా కంట్రాక్టు పనులు చేసుకొనువాడు అడుగును. ప్రశ్న న్యాయమైనదే. దీనికి ఇంగ్లండు న్యాయస్థానములు చెప్పిన సమాధానమును నేడు విచారింతము. ఆ దేశమునకు పోయి స్వతంత్రముగా వృత్తి సాగించుచున్న తెలుగువారికి ఇది నేరుగా పనికివచ్చును. ఖర్చు పూర్తిగా, కేవలము వృత్తివ్యాపారముల నిమిత్తమే అయియుండవలెనను సూత్రము మన దేశపు చట్టములోను ఉన్నది గనుక, తక్కినవారికిని ఆలోచనకు ఉపకరించును.

1952లో ఒక బారిస్టరు వ్యవహారము అప్పీలు కోర్టుకు వచ్చినది. ఆయన కచేరి లండనులోని లింకన్స్ ఇన్‌లో ఉన్నది. కాపురము విప్స్‌నేడ్ అను పల్లెలో. ఇంటివద్దను న్యాయగ్రంథములు పెట్టుకొని, సాయంకాలములందును, సెలవులలోను దావాల కాగితములు చూచుకొనెడివాడు. కావున ఇంటికిని కచేరికిని మధ్య ప్రయాణపు ఖర్చులు వృత్తి ఖర్చులేయని వాదించెను. కోర్టు అంగీకరింపలేదు. వృత్తికి పీఠము లండను; పల్లెలో కాపురముండుట ఆయన ఇష్టము; ఆ ఇష్టము వలన కలిగిన ఖర్చు వృత్తిది కాదు, జీవనముది అని తీర్పు.

1971లో అదే కోర్టుకు ఒక తాపీ పనివాని వ్యవహారము వచ్చినది. ఈస్ట్‌బోర్న్ పట్టణమున అతని ఇల్లు. కూలివాడుగా కాక, స్వతంత్రముగా పని ఒప్పుకొని చేయువాడు. 1966-67లో ఏడు స్థలములలో గోడలు కట్టెను. అవి ఇంటికి 5 మైళ్ళు మొదలు 55 మైళ్ళ దూరము వరకు ఉండెను. ఒకచోట పని ముగియగానే మరియొకచోటికి పోవలసినదే. పనిముట్లు ఇంటిలో, లెక్కల పుస్తకములు ఇంటిలో. పని ఒప్పుకొనుటయు ఇంటివద్దనే. అతని వృత్తికి పీఠము ఇల్లు గాక మరేదని కోర్టు అతని ప్రయాణపు ఖర్చులను అనుమతించెను. రెండు తీర్పులలోను పాల్గొన్నవారిలో డెన్నింగ్ న్యాయమూర్తి ఉండుట గమనింపదగినది. చట్టము మారలేదు; మారినది పని తీరు.

అయినచో ఇంటిలో ఒక బల్ల, కుర్చీ వేసి దానికి ఆఫీసని పేరు పెట్టిన చాలునా? చాలదు. 2014లో ఒక వైద్యుని వ్యవహారము దీనిని తేల్చినది. ఆయన ఇంటిలో నిజముగానే ఆఫీసు గది ఉన్నది, అందులో పనియు జరుగుచున్నది. అయినను ప్రతివారమును ఒకే ఆసుపత్రులకు నియమముగా పోయి రోగులను చూచుచున్నందున, ఇంటినుండి అచ్చటికి పోవు ఖర్చును అనుమతింపలేదు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసినది ఒకటే. దూరమెంతయని కాదు, ఖర్చెంతయని కాదు; మన పనికి పీఠమెక్కడ, అచ్చటినుండి బయలుదేరుచున్నామా, అచ్చటికి చేరుచున్నామా అని చూడవలెను. నెలల తరబడి ఒకే కార్యాలయమునకు నియమముగా పోవువాడు తాపీ పనివానితో తన్ను పోల్చుకొనరాదు. తన పేర కంపెనీ పెట్టుకొని అందులో తానే ఉద్యోగియైనవానికి నియమములే వేరు.

ఇచట నష్టము రెండు విధములు. ఆశకొలది లేని హక్కును కోరినవాడు, తరువాత పన్నుతోపాటు వడ్డీయు, జరిమానాయు చెల్లింపవలసిరావచ్చును. భయముకొలది ఉన్న హక్కును విడిచినవాడు తన కష్టార్జితమును చేజేతుల వదలుకొనును. చిన్న పనివాండ్రలో ఈ రెండవవారే మిక్కిలి జాలిగొలుపుదురు. కోర్టుకెక్కిన ఆ తాపీ పనివానికి ఉన్న పట్టుదల అందరకు ఉండదు గదా.

కావున ఒక చిన్న పుస్తకమును పెట్టుకొందము. తేదీ, బయలుదేరినచోటు, చేరినచోటు, ఎవరి పని, ఎన్ని మైళ్ళు - ఈ ఐదును ఏ రోజుకారోజే వ్రాసికొందము. పెండ్లికి పోయిన దారిని పనికి పోయిన దారితో కలుపకుందము. ఒప్పందపు కాగితములను, రసీదులను భద్రపరతము. అధికారి ప్రశ్నించిననాడు మన జ్ఞాపకము కన్న మన చేవ్రాతయే గట్టి సాక్ష్యము.