పాత బాడీ - కొత్త ఛాసిస్



పాత బండిని మరల రోడ్డెక్కించవలెనన్న కోరిక మనకు సహజము. 1947లో అమెరికాలో వెలువడిన షెవ్రొలే అరటన్ను పికప్‌నే తీసుకొందము. దాని ముందు వెనుక ఇరుసుల నడుమ దూరము 116 అంగుళములు. 1982 నుండి 2004 మోడళ్ల వరకు వచ్చిన ఎస్-10 పికప్‌లో, పొడవు తొట్టి రకమునకు 117.9. కనుకనే అక్కడివారు ఆ బాడీని ఈ ఛాసిస్‌పై అమర్చుచుందురు.

తేడా రెండంగుళముల లోపే గదా అని మనము తేలికగా తలంపరాదు. క్యాబిన్‌ను మోయు బ్రాకెట్లు కొత్తగా చేయవలెను. స్టీరింగు కడ్డీని కీళ్లతో కలుపవలెను. ముందు చక్రము మడ్‌గార్డు నడుమకు రావలెను.

ఇంత శ్రమ దేనికి? పాతదానికి అన్నియు డ్రమ్ము బ్రేకులే. కొత్తదానికి ముందు డిస్కు బ్రేకులున్నవి. బిడ్డ అడ్డు వచ్చినప్పుడు మనకు అక్కరకు వచ్చునది బ్రేకే. కావున రంగు చూచుటకు ముందు వెల్డింగు చూడుడని మేము మనవి చేయుచున్నాము.