పాత బండి మిస్సింగ్ కొడితే – ఆదివారం మీటింగులో చెప్పిన మాటలు



మొన్న ఆదివారం పాత బండ్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డ్యూటీ ఉండి రాలేనోళ్ల కోసం అదే ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను మెకానిక్‌ని కాదు, సైటు సూపర్‌వైజర్‌ని. కానీ పొద్దున ఏడింటికి పని మొదలవ్వాలంటే మనోళ్లు వచ్చే బండి నడవాలి గదా. సర్రేలో ఐదుగురు ఎక్కిన కరోలా దారిలో ఆగిపోతే బర్నబీలో ఐదుగురి కూలి పోతుంది. అందుకే ఇది నేర్చుకున్నాను.

ముందు లైటు చూడండి. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే మెల్లగా ఇల్లు చేరొచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలి, పక్కకు తీసి ఆపేయండి. మండని పెట్రోలు సైలెన్సర్ లైనులో ఉండే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అది కాలిపోతే బండి ఖరీదు కంటే దాని ఖర్చే ఎక్కువ కావచ్చు. పోర్ట్ మాన్ బ్రిడ్జి ఎక్కకముందే లైటు ఆడుతుంటే బ్రిడ్జి ఎక్కొద్దు. పైన పికప్ చచ్చిపోతే వెనక లారీలుంటాయి.

ఇంకో సంగతి. ఇక్కడ ఎయిర్‌కేర్ అని పొగ పరీక్ష ఉండేది, 1992లో పెట్టి 2014 ఆఖరున ఎత్తేశారు. కాబట్టి మన కారు లోపం పట్టి చెప్పేవాడు ఇప్పుడు లేడు, మనమే చూసుకోవాలి.

ఇంజిన్‌లో ఒక సిలిండర్ మండాలంటే నిప్పు, పెట్రోలు, గాలి, ఒత్తిడి నాలుగూ కావాలి. ఏది తక్కువైందో బండే చెప్తుంది, ఎప్పుడు మిస్ కొడుతుందో గమనిస్తే చాలు. వానపడ్డ పొద్దున ఎక్కువ కొడుతుందా? మన వాంకూవర్ చలికాలంలో ఇదే ఎక్కువ. కాయిల్ రబ్బరో, పాత బండైతే ప్లగ్ వైరో పగిలి, తేమకు కరెంటు పక్కకు పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడే కొడుతుందా? ముందు ప్లగ్గు, కాయిల్ అనుమానించండి. సిగ్నల్ దగ్గర వణికి, స్పీడు ఇస్తే సర్దుకుంటుందా? పగిలిన గాలి పైపు వెతకండి, బానెట్ ఎత్తితే ఒక్కోసారి ‘స్స్’మని వినపడుతుంది. కూలెంట్ తగ్గుతూ తెల్ల పొగ తీపి వాసనతో వస్తే హెడ్ గాస్కెట్ కావచ్చు. దాన్ని మాత్రం ఇంటి దగ్గర ముట్టుకోకండి.

మీది 1998 తర్వాతి కారైతే స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. చిన్న స్కానర్ పెడితే కోడ్ వస్తుంది. పి0302 అంటే రెండో సిలిండర్, పి0303 అంటే మూడోది. పి0300 వస్తే ఒకటని చెప్పలేం, అప్పుడు గాలి, పెట్రోలు వైపు చూడాలి.

ఇప్పుడు అసలు పని. మన క్రూలో ఒక తమ్ముడి 2005 కరోలాకు పి0302 వచ్చింది. ఒక షెడ్డులో చూసి ఇంజిన్ అయిపోయింది, అమ్మేసుకో అన్నారంట. మేం పైసా పెట్టకుండా చూశాం. ఇంజిన్ ఆపి, చల్లారాక రెండో కాయిల్ తీసి మూడో దాంట్లో పెట్టాం, మూడోది రెండో దాంట్లో. పది నంబర్ పాన ఒకటి చాలు. ఆ కారుకు ఒకటో నంబరు ప్యాసింజర్ వైపు నుంచి లెక్క. కోడ్ చెరిపి రెండు వీధులు తిప్పితే పి0303 వచ్చింది. కోడ్ కాయిల్‌తో పాటు జరిగింది కాబట్టి దొంగ కాయిలే. వంద డాలర్ల లోపు అయిపోయింది. కోడ్ జరగకపోతే అదే పద్ధతిలో ప్లగ్గు మార్చి చూడాలి. తర్వాత ఇంజెక్టర్. అప్పటికీ తేలకపోతే షెడ్డులో కంప్రెషన్ కొలిపించాలి. ఒక్క సిలిండర్ మిగతా వాటికంటే బాగా తక్కువ చూపితే తప్పు లోపల ఉన్నట్టు.

ప్లగ్గు గుంతలో నూనె కనిపిస్తే కొత్త కాయిల్ వేసినా మళ్లీ పోతుంది, ముందు వాల్వ్ కవర్ గాస్కెట్ మార్చాలి. ప్లగ్గును చేత్తోనే మర వెయ్యండి, ఆఖరున మాత్రమే పాన. హెడ్ అల్యూమినియం, మరలు తిన్నాయంటే పెద్ద పని. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు చేత్తో పీకొద్దు, వేల వోల్టులుంటాయి. గరాజ్ తలుపు మూసి బండి స్టార్ట్ చేయొద్దు, వాన పడుతున్నా సరే. ఆ పొగకు వాసన తెలియకుండానే మనిషి పడిపోతాడు.

షెడ్డుకే పోవాల్సి వస్తే కోడ్ నంబరు ముందే రాసుకుని పొండి, అంచనా కాగితం మీద అడగండి, మార్చిన పాత సామాను చూపించమనండి. ఇంగ్లీషు సరిగా రాకపోతే సిగ్గుపడొద్దు, ఆ నంబరు చూపిస్తే చాలు, మాట్లాడే పద్ధతే మారుతుంది.

నా దగ్గర స్కానర్ ఒకటి ఉంది. కావాల్సినోళ్లు గ్రూపులో పేరు పెట్టండి, శనివారం సాయంత్రం ఇస్తాను. ఆదివారం రాత్రికి తిరిగి తెచ్చివ్వండి, సోమవారానికి ఇప్పటికే ఒక వదిన అడిగి పెట్టుకున్నారు.