పదవీ విరమణ తర్వాత లాటిన్



ఈ వయసులో లాటిన్ ఏమిటని కార్యదర్శి గారు నవ్వారు. కానీ మనమంతా ముప్పై ఏళ్ళకు పైగా లాటిన్ వ్రాసినవాళ్ళమే! ప్రో రేటా, ఎక్స్ అఫీషియో, సైనె డై, వైస్ వెర్సా... అవన్నీ ఏ భాషవి? ట్రెజరీలో ఆ మాటలు వ్రాసీ వ్రాసీ, రిటైరయ్యాక ఆ భాష సంగతేమిటో చూద్దామనిపించింది. కెన్నెడీ ప్రైమర్ ముందు పెట్టుకొని రెండేళ్ళు విభక్తులు వల్లె వేశాను. సంస్కృత శబ్దాలు వచ్చినవారికి అది మరీ కొత్త కాదు.

నాకు దొరికినది వర్జిల్ కాదు, ఆయనకు పదిహేను వందల ఏళ్ళ తర్వాతి కవి, పొంటానో. లాటిన్ ఎవరికీ తల్లిభాషగా మిగలని కాలమది. అయినా పండితులు పాత రోమను కవుల బాణీలో కావ్యాలు వ్రాస్తూనే ఉన్నారు. పెట్రార్కు 1341లో రోములో కవిగా కిరీటం పొందాడు, మిల్టన్ కూడా లాటిన్ పద్యాలు వ్రాశాడు.

పొంటానో మనవంటి ఉద్యోగి. నేపుల్స్ రాజుల కొలువులో కార్యదర్శి. 1495లో ఫ్రెంచి రాజు ఎనిమిదవ చార్లెస్ నగరంలోకి వచ్చాడు. ఆ గందరగోళంలో పొంటానో పదవి పోయింది. పెన్షను మాట నాకు ఎక్కడా కనబడలేదు లెండి.

ఆయన పెళ్ళి మీద, భార్య ఆద్రియానా మీద వ్రాసిన పద్యాల పుస్తకంలో పన్నెండు జోలపాటలున్నాయి, కొడుకు లూచియో కోసం వ్రాసినవి. హార్వర్డు వారు 2014లో ఎడమ పేజీలో లాటిన్, కుడి పేజీలో ఇంగ్లీషు పెట్టి ఆ పుస్తకం అచ్చువేశారు. మా అబ్బాయి తెచ్చిచ్చాడు.

చదవడం మొదలుపెట్టగానే ఆశ్చర్యం. గురులఘువులు! ఒక గురువు, రెండు లఘువులు, అంటే మన భగణమే. లేదా రెండు గురువులు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువవడం కూడా ఇంచుమించు మనలాగే. ఇక ముద్దు మాటలు! ఓకులి అంటే కళ్ళు, ఓకెల్లి అంటే చిన్నారి కళ్ళు. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో బిడ్డకు జోల పాడాలని ఆయనకెందుకు తోచిందో! రాజపత్రాలు వ్రాసే చేతికి ఆ భాషే దగ్గరయిందేమోనని నా ఊహ.

ఆ జోలలకు ఆయన పెట్టిన పేరు నేనియే. పాత లాటిన్‌లో ఆ మాటకు ముఖ్యార్థం చనిపోయినవారి కోసం పాడే పాట. 1490లో ఆద్రియానా పోయింది. 1492లో ఆమె జ్ఞాపకార్థం నేపుల్స్‌లో చిన్న ప్రార్థనామందిరం కట్టించాడు, అది నేటికీ ఉంది. 1498లో లూచియో కూడా పోయాడు. జోలలు వ్రాసిన చేత్తోనే కొడుకుకు సంతాప పద్యాలు వ్రాసుకున్నాడు.

మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. సర్వీసంతా వేలకొద్దీ నోట్లు వ్రాశాను, అన్నీ ఇంగ్లీషులో. క్యాంపులకు వెళ్ళినప్పుడు ఆవిడకు వ్రాసిన ఉత్తరాల్లో "క్షేమం, డబ్బు పంపుతున్నాను" తప్ప ఏమీ లేదు. అవి ఆవిడ ట్రంకు పెట్టెలో కట్టగట్టి దాచుకుంది. ఆద్రియానా మీద పద్యాలు చదువుతుంటే ఆ కట్టే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఎనిమిదో జోల దగ్గరున్నాను, రోజుకు నాలుగు పాదాలు. మొదటి ఏడింటికీ మార్జిన్లలో పెన్సిలుతో తెలుగు అర్థాలు వ్రాశాను. పుస్తకం కావలసినవారు అడగండి, ఇస్తాను. ఆ వ్రాతలు మాత్రం చెరపకండి.