మూడెకరముల చేను – మా ఇంటి సాక్ష్యము

(శతాబ్ది ఉత్సవములలో భాగముగా జరిగిన గ్రామ సంఘముల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట మాకిచ్చిన అంశము "క్రైస్తవ కుటుంబము, ప్రకృతి సేద్యము". దీని మీద మాకంటె బాగుగా చెప్పగలవారు వ్యవసాయ శాఖలో ఉన్నారు. అయినను మమ్మును ఎందుకు పిలిచారో మాకు తెలుసు. అయ్యగారికి ఒక చేను ఉన్నదట, అందులో పురుగుమందు కొట్టరట అని మీలో కొందరు విన్నారు. విన్నదానిలో కొంత నిజము, కొంత నిజము కాదు. ఆ రెండును చెప్పుకొందామని వచ్చాము.

మేము అనగా ఒక ఇంటివారము. మా అమ్మ, ఇద్దరన్నదమ్ములము, మా ఇద్దరి భార్యలు, నలుగురు పిల్లలు. పెద్దవాడు వేదాంత కళాశాలకు పోయి గురువైనాడు, చిన్నవాడు చేనిలో నిలిచాడు. కొన్నేండ్లకొకసారి పెట్టె సర్దుకొని బదిలీ అయ్యే గురువు, నేను సేద్యము చేస్తున్నానని చెప్పుకొంటే అది అతిశయమే అవుతుంది. సోమవారము మాకు విశ్రాంతి దినము గనుక ఆ దినము చేనికి పోతాము. మిగిలిన దినముల కష్టము తమ్మునిది, మరదలిది, అమ్మది.

చేను ఖమ్మం జిల్లాలో మూడెకరముల పది గుంటలు. రెండెకరములు ఎర్ర చెల్క, మిగిలినది చెరువు క్రింది మడి. మా తాత జీతమున్న మనిషి. నాట్లకు, కలుపులకు పోయి నాయనమ్మ కూడబెట్టిన డబ్బుతో మొదటి ఎకరము మా ఇంటికి వచ్చింది. కనుక ఈ భూమిని అమ్మవలెనన్న మాట మా ఇంట ఎవరి నోటనుండియు రాలేదు, అప్పులు మెడమీదికి వచ్చిన యేడు కూడ.

అప్పులు ఎందుకు వచ్చాయో చెప్పవలెను. మా చిన్నతనమున నాన్న చెల్కలో పత్తి, మిర్చి వేసేవాడు. పంపు వీపున తగిలించుకొని, చొక్కా విప్పి, తలకు తువ్వాలు చుట్టుకొని సాలు వెంట మందు కొట్టుకొంటూ పోయేవాడు. మేమిద్దరము బిందెలతో నీళ్లు మోసేవారము. మందు కలుపుటకు కట్టెపుల్ల దొరకకపోతే చేతితోనే కలిపేవాడు. 1997-98లో వరంగల్ ప్రాంతమున పత్తి రైతులు పురుగు వలనను అప్పుల వలనను ప్రాణములు తీసుకొన్న సంగతి నడివయసువారు ఎవరును మరచియుండరు. ఆ యేడు నాన్న పదునెనిమిది సార్లు కొట్టాడు. శనగపచ్చ పురుగు ఆ మందులకు అలవాటుపడిపోయి, కొట్టిన మర్నాడే కాయలో తల పెట్టుకొని కనబడేది. ఒక మధ్యాహ్నము నాన్న సాలులోనే పడిపోయాడు. నోట నురుగు. బండిమీద వేసుకొని ఆసుపత్రికి తీసుకొనిపోయారు. బ్రతికాడు గాని తరువాత చేతుల వణుకు పోలేదు. ప్రభురాత్రి భోజనపు గిన్నె అందుకొనేటప్పుడు రెండు చేతులతో పట్టుకొన్నను అది కదిలేది. 2009లో ప్రభువునందు నిద్రించాడు. అది మందు వలననే అని ఏ వైద్యుడును వ్రాసి ఇవ్వలేదు. మేమును అట్లు ప్రకటించము.

ఇంత జరిగినా మాకు బుద్ధి రాలేదనుటయే నిజము. నాన్న పోయిన తరువాత కూడ నాలుగేండ్లు తమ్ముడు అదే పంపు వీపుకెత్తుకొన్నాడు. 2013 జూలైలో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక పల్లె బడిలో మధ్యాహ్న భోజనము తిని ఇరవైముగ్గురు పసిబిడ్డలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నదని పరీక్షలలో తేలింది. ఆ వార్త పత్రికలో చదివి వినిపిస్తున్నప్పుడు అమ్మ లేచి వంటింటిలోనికి పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో మా ఉప్పు డబ్బా ఉన్నది. నాన్న ఉన్ననాడు కడిగి, ఎండబెట్టి, దాచిన మందు డబ్బా అది. మూత గట్టిగా పడుతుందని దానిలో ఉప్పు పోసుకొన్నాము, ఎన్నేండ్లనుండియో. ఎవరమును మాటాడలేదు. ఆ సాయంత్రము ఇల్లంతా వెదకితే అటువంటివి మరి నాలుగు దొరికాయి. ఒకదానిలో తులసి మొక్క, ఒకదానిలో మేకులు, ఒకటి చేనికి మజ్జిగ తీసుకొనిపోయేది.

మరుసటి వారమునుండి ఇంటి కూరగాయలు పండించే పది గుంటలలో మందు ఆపాము. అంతకుమించి ధైర్యము లేకపోయింది.

మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలోనే ఇందుకు దారి చూపినవారున్నారు. పునుకుల అను గ్రామము 2000 సంవత్సరము తరువాత పురుగుమందులు మానుకొన్నది, అందులో స్త్రీల పాత్ర గొప్పది. వరంగల్ వైపున ఏనబావి గ్రామము ఊరంతా రసాయనములు విడిచిపెట్టింది. సుభాష్ పాలేకర్ గారి పద్ధతిని మన రెండు రాష్ట్రములలో అనేకమంది రైతులు నేర్చుకొన్నారు. మేమును తోటి రైతుల దగ్గర నేర్చుకొన్నదే. రెండు వందల లీటర్ల డ్రమ్ములో నీళ్లు పోసి, పది కిలోల ఆవుపేడ, అయిదు నుండి పది లీటర్ల మూత్రము, రెండు కిలోల బెల్లము, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు వేసి, నీడలో రెండు దినములు ఉంచి, ఉదయము సాయంత్రము కర్రతో కలిపితే జీవామృతము సిద్ధము. ఎకరమునకు అది సరిపోతుంది. ఈ పేరు విని మా సంఘ పెద్ద ఒకరు, "అయ్యగారూ, ఇది అన్యాచారము కాదుగదా" అని చాల మెల్లగా అడిగారు. పేడలోను బెల్లములోను ఆచారమేమున్నది? మట్టిలోని కంటికి కనబడని జీవులకు అది మేత, అంతే. ఆల్బర్ట్ హోవర్డ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1905లో మన దేశమునకు నేర్పుటకు వచ్చి, మన రైతుల చేలను చూచి తానే నేర్చుకొన్నాడు. ఇండోరులో కంపోస్టు చేసే విధానమును తీర్చిదిద్ది, 1940లో లోకమునకు గ్రంథము వ్రాసి ఇచ్చాడు. అనగా మన తాతలు ఎరిగినదే చుట్టు తిరిగి మన దగ్గరకు వచ్చింది.

కళాశాలలో హెబ్రీ భాష చదివేటప్పుడు ఆదికాండము రెండవ అధ్యాయము పదునైదవ వచనము మీద ఒక పూటంతా గడిపాము. ఆదామునకు తోటలో అప్పగించిన రెండు పనులలో మొదటి క్రియకు సేవించుట అను అర్థము కూడ ఉన్నది. రెండవది కావలి కాయుటకు వాడే మాట. ఆదాము అను పేరు, నేలకు హెబ్రీలో ఉన్న మాట ఒకే ధాతువును గుర్తుకు తెస్తాయి. ఆ దినము పరీక్షలో మార్కులు వచ్చాయి. అర్థము మాత్రము ఉప్పు డబ్బా దగ్గర వచ్చింది.

మడిలో జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్ని వరి వేశాము. మునుపు ఎకరమునకు ఇరువదియేడు బస్తాలు. మొదటి యేడు పదునారు. ఊరిలో నవ్వారు. నవ్వినవారిలో మన విశ్వాసులు లేకపోలేదు. మూడవ యేడు ఇరువది దాటింది, ఇప్పుడు ఇరువదిరెండు ఇరువదిమూడు దగ్గర నిలిచింది. ఇరువదియేడు మరల రాలేదు, వస్తుందని చెప్పి మిమ్మును మోసపుచ్చము. అయితే ఎరువుల అంగడిలో మా పేర పద్దు లేదు. చెల్కలో కంది, పెసర, జొన్న కలిపి వేస్తాము. ఆరోగ్యము కొరకే అని కాదు, ఒకటి పోయినను ఒకటి నిలుస్తుందని. అమ్మ జొన్న గటక కాచితే పట్టణములో చదివే పిల్లలు మొదట ముఖము త్రిప్పుకొన్నారు. ఇప్పుడు మజ్జిగ పోసుకొని తింటారు, పచ్చిపులుసు ఉంటే మరీ ఇష్టము.

కలుపు సంగతి మాత్రము కష్టమే. గడ్డిమందు కొడితే ఒక పూటలో అయ్యే పనికి మేము పదిమంది స్త్రీలను పిలువవలెను. ఖర్చు లెక్కవేస్తే నష్టము. అయితే ఆ పదిమంది ఎవరు? ఆదివారము మన దేవాలయములో చాపలమీద కూర్చునేవారే. పండుగ కానుక ఇచ్చేది ఆ కలుపు కూలిలోనుండియే. గడ్డిమందు వచ్చిన తరువాత వారికి కలుపు దినములు తగ్గాయి, కోత మిషను వచ్చిన తరువాత పరిగె కూడ పోయింది. రూతు ఇప్పుడు మన ఊరికి వస్తే ఏరుకొనుటకు వెన్ను దొరకదు. మా ముప్పాతిక మడి ఇప్పటికిని కొడవలితోనే కోయిస్తాము. పశువులకు గడ్డి దక్కుతుంది, మూలలలో కొంత విడువవచ్చు. ఇది ధనికులు చేయవలసిన పని, చిన్న రైతుకు ఎందుకు అని తమ్ముడు అంటాడు. ఆ మాటకు మా దగ్గర పూర్తి జవాబు లేదు.

ఇక నిజము కాని భాగము.

2021లో ఎకరము పది గుంటలలో మిర్చి వేశాము. మందు కొట్టని ఎండుమిర్చి కావాలని మా పాస్టరేటులో పదునాలుగు కుటుంబములు తలా అయిదు వందలు ముందుగానే ఇచ్చాయి. ఆ యేడు తెలుగు రాష్ట్రముల మిర్చి తోటలమీదికి నల్ల తామర పురుగు వచ్చింది. అంతకుముందు మన రైతులు చూడని రకము. పూతలో చేరి రసము పీల్చితే పూత రాలిపోతుంది. నీలి జిగురు అట్టలు కట్టాము, అయిదు కిలోల వేపగింజలు దంచి వంద లీటర్ల నీళ్లకు కషాయము తీసి చల్లాము. అట్టలు నల్లబడ్డాయి గాని పురుగు తగ్గలేదు. ప్రక్క చేలవారు వారమునకు రెండుసార్లు ఖరీదైన మందులు కొట్టారు, వారికిని తగ్గలేదు. కొందరు తోటలే పెరికివేశారు.

ఒక సోమవారము చేనికి పోగా గట్టు దగ్గరనే వాసన తగిలింది. చిన్ననాటినుండి ఎరిగిన వాసన, ఏమని అడుగనక్కరలేదు. తమ్ముడు దాచలేదు. రాత్రి అప్పుమీద తెచ్చి తెల్లవారుజామున కొట్టాడు. మేము కోపముతో మాటలన్నాము. నాన్న పేరు కూడ ఎత్తాము, అది ఎత్తకుండవలసింది. అప్పుడతడు అన్నాడు: "అన్నా, నీకు ఒకటో తారీకున జీతం వస్తది. తోట పోతే నీ పిల్లల ఫీజు ఆగదు. నా పిల్లల ఫీజు ఈ చెట్లకే కాయాలె."

ఒకటో తారీకు అన్న మాట ఎంత నిజమో తోటి గురువులు ఎరుగుదురు. అయినను అతని మాటలో అబద్ధము లేదు. విశ్వాసపు సేద్యమని వేదికలమీద చెప్పినది మేము, దాని నష్టము మోసినది అతడు.

ఆదివారము ప్రకటనల సమయమున లేచి సంగతి చెప్పాము: ఈ మిర్చికి మందు కొట్టబడింది, కనుక మీకు ఇవ్వలేము, మీ డబ్బు తిరిగి తీసుకొనవలెను. ప్రసంగ పీఠము ఎక్కుట మాకు అలవాటే గాని ఆ దినము నోరు ఎండిపోయింది. తమ్ముడు వెనుక వరుసలో కూర్చున్నాడు. రెండు కుటుంబములవారు డబ్బు తీసుకొన్నారు, అది న్యాయమే. కొందరు వచ్చే యేటికి ఉంచమన్నారు. కూలికి పోయే ఒక వృద్ధురాలు మాత్రము మమ్మును దాటి తమ్ముని దగ్గరకు పోయి నిలిచింది. ఆమె భర్త జీవితమంతా ఇతరుల చేలలో మందు కొట్టినవాడు, ఆయనను మేమే భూస్థాపన చేశాము. "నాకు పైసలొద్దు బిడ్డా, వచ్చేయేడు కాయలియ్యి. నువ్వు మాత్రం మూతికి గుడ్డ కట్టుకో" అన్నది. ఆ యేడు మిర్చి పెట్టుబడిలో సగము కూడ తిరిగి రాలేదు.

తరువాత ఇంటిలో అందరము కూర్చుని ఒక కాగితము వ్రాసుకొన్నాము. మిర్చి పది గుంటలకు మించకూడదు. నష్టము వచ్చిన యేడు గురువు జీతములోనుండి నెలకింత అని తమ్ముని ఇంటికి పోవలెను. అన్నదమ్ముల మధ్య కాగితమేమిటని అమ్మ రెండు దినములు మాటాడలేదు. ఆ కాగితము ఇప్పటికి ఒకసారి పనికి వచ్చింది. తమ్ముడు వేరొకరి ఎకరము కౌలుకు పట్టి అందులో అందరివలెనే మందులు వాడి పత్తి వేస్తున్నాడు. మూతికి గుడ్డ కట్టుకొంటాడు. మేమేమియు అనము. అందుకే మొదట చెప్పాము, మీరు విన్నది అంతయు నిజము కాదని.

సంఘములతో ఒక్క మనవి. మందులేని కూరగాయలు కావాలని పట్టణ సంఘములవారు మమ్మును అడుగుతుంటారు, సంతోషమే. అడిగేవారు పంట పోయిన యేడు కూడ ఆ రైతు ఇంటికి రావలెను. మా పదునాలుగు కుటుంబములలో పన్నెండు అట్లు నిలిచాయి గనుకనే పది గుంటల మిర్చి ఇంకను ఉన్నది. మరియొకటి, మన దేవాలయ ఆవరణములలో ఖాళీ స్థలము చూచినప్పుడెల్ల దుకాణముల గదులు కట్టాలని కమిటీలో మాట వస్తుంది. పది వేపచెట్లు, ఒక విత్తనపు మడి కూడ ఆలోచించవచ్చును. కోత పండుగనాడు వేలములో పలికే గుమ్మడికాయ ఎక్కడ పండిందో, దానిమీద ఏమి చల్లారో అడిగే అలవాటు కూడ మనకు లేదు.

వెలుపల చింతచెట్టు క్రింద మా తమ్ముడు రెండు సంచుల జీలుగ విత్తనములు పెట్టుకొని కూర్చున్నాడు. ఎకరమునకు పది పన్నెండు కిలోలు పడుతుంది. తొలకరి తడికి చల్లి, నలుబది అయిదు దినములలో పూత కనబడగానే దున్నవలెను, ముదిరితే కాడ చివకదు. డబ్బు ఇవ్వనక్కరలేదు, పంట తరువాత అంతే విత్తనము తిరిగి ఇస్తే చాలు. పేరు, ఊరు అతని పుస్తకములో వ్రాయించండి. మందుల సంగతి అడిగినా దాచకుండ చెప్తాడు.